పది సెంటీమీటర్ల నీళ్లు

మా అత్తగారు లెల్లా దూజా ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా నన్ను గరాటు ముట్టుకోనివ్వలేదు.

నారింజ పూలు ఏరడం నా పని. దుప్పట్ల మీద పలచగా పరిచి ఆకూ పుల్లా తీసెయ్యడం నా పని. రాగి బట్టీ కింద మంట ఎగరకుండా, ఆరిపోకుండా కాచుకోవడం, పైపళ్లెంలో నీళ్లు వేడెక్కినప్పుడల్లా తోడేసి చల్లనివి పొయ్యడం కూడా నా పనే. కాని బట్టీ ముక్కులోంచి బొట్టుబొట్టుగా దిగిన పూలనీళ్లను ఫష్కాల్లోకి వంపే పని మాత్రం ఆవిడది. ఫష్కా అంటే గుండ్రటి పొట్ట, పొడుగు మెడ ఉన్న గాజు కూజా. ఒంటినిండా గడ్డి అల్లిక తొడిగి ఉంటుంది. దాన్ని మెడదాకా నింపాలి. బిరడాకీ నీటికీ మధ్య గోరు కూడా పట్టకూడదు.

"గాలి చేరిందంటే పూలనీళ్లు చచ్చాయన్నమాటే," అంటుంది ఆవిడ. మా నాబుల్ ఊరి చుట్టుపక్కల ఏ ఆడదాన్ని అడిగినా ఇదే మాట. నేను కాపరానికి వచ్చిన కొత్తలో నన్ను చూడ్డానికి వచ్చిన చుట్టాలు నా మొహం కంటే ముందు అలమర తెరిచి ఫష్కాల మెడలు చూశారు. వెలితి కూజా ఉన్న ఇల్లు మా వైపు మంచి ఇల్లు కాదు.

నేను ట్యూనిస్‌లో కెమిస్ట్రీ చదివాను. ఆ సంగతి మా అత్తగారు మరచిపోలేదు, నన్ను మరచిపోనివ్వలేదు. మంట రవ్వంత పెరిగితే చాలు, "ఏమే కెమిస్ట్రీ, పూలు ఉడకబెడుతున్నావా, బట్టలు ఉడకబెడుతున్నావా?" అనేది.

కరోనా వచ్చిన రెండో వసంతం అది. మార్చి నెలాఖరుకి మా పెరట్లోని నాలుగు చేదునారింజ చెట్లూ ఆకు కనిపించకుండా విరబూశాయి. నా భర్త లుత్ఫీ పోస్టాఫీసులో గుమాస్తా. ఏటా ఈ రోజుల్లో వారం రోజులు సెలవు పెట్టి తల్లి ఆజ్ఞ ప్రకారం నిచ్చెన ఎక్కుతాడు. ఆ రోజు పొద్దున్న కూడా ఎక్కాడు. కింద దుప్పటి పట్టుకుని ఒక కొసన నేను, ఇంకో కొసన ఆవిడ. పూలు రాలుతున్నాయి. వీధి చివర ఉన్నవాడికి కూడా తల తిరిగేంత వాసన.

లుత్ఫీ కొమ్మల మధ్య తల పెట్టి గట్టిగా ఊపిరి పీల్చాడు. తరువాత అన్నాడు, "ఈ ఏడు పూలకి వాసన లేదేమిటి?"

మా అత్తగారు తన చేతిలోని దుప్పటి కొసను మెల్లిగా నేలమీద పెట్టింది.

"దిగరా నాన్నా," అంది.

*

నాకూ వచ్చింది. వారం రోజుల్లో తగ్గిపోయింది. ఆవిడకైతే జనవరిలోనే వచ్చి పోయింది. మూడు రోజులు మంచం ఎక్కి, నాలుగో రోజు లేచి షోర్బా సూపులో ఉప్పు తక్కువైందని నన్ను తిట్టింది. లుత్ఫీకి మాత్రం తొమ్మిదో రోజున గది ఇవతల నుంచి అవతలకి నడిస్తే మాట రావడం ఆగిపోయింది.

ఆసుపత్రిలో చోటు లేదు. ఊరి క్రీడాశాలలో బాస్కెట్‌బాల్ గీతల మీద నలభై మంచాలు వేశారు. ఆక్సిజన్ గొట్టాలు గోడ వెంట తెచ్చి ప్రతి మంచానికీ అందించారు. ఊపిరి ఆడించే యంత్రాలు మాత్రం రెండే రెండు. అవి రెండూ అప్పటికే ఇద్దరి ప్రాణాలు పట్టుకుని ఉన్నాయి. నర్సులు చాలక, ఒకసారి జబ్బు దాటినవాళ్లని మంచానికి ఒకరు చొప్పున తోడుండనిచ్చారు. పొద్దున్న నేను, మధ్యాహ్నం మా అత్తగారు, సాయంత్రం మళ్లీ నేను. మా మరిది ఖమైస్‌కి కూడా అంతకు ముందే వచ్చి పోయింది కనక, తలుపు దాకా అన్నం తెచ్చే నెపంతో లోపలిదాకా వచ్చేవాడు.

అక్కడి డాక్టరు ఎమ్నాకి ముప్పై ఏళ్లు ఉంటాయేమో. మొదటి రోజే నాతో దాపరికం లేకుండా చెప్పింది.

"అక్కా, ఆక్సిజన్ ఇస్తున్నాం. కాని అది లోపలికి పోయేచోటు మూసుకుపోతోంది. చిన్నపిల్లల బుడగ ఊదారు కదా మీరు. మొదటి ఊదు ఎంత కష్టం? కాస్త గాలి లోపల ఉండిపోతే తరువాతి ఊదు తేలిక. ఈయన ఊపిరితిత్తుల్లో లక్షల బుడగలున్నాయి. ఊపిరి వదిలిన ప్రతిసారీ అవి పూర్తిగా అతుక్కుపోతున్నాయి. ప్రతిసారీ మొదటి ఊదే."

"అతుక్కోకుండా ఆపేది ఆ యంత్రమా?"

"యంత్రమే. కాని..." ఆవిడ చేతి తొడుగుల డబ్బా చించి దాని వెనక పెన్నుతో గీసింది. ఒక ముఖం. ముఖానికి తొడుగు. తొడుగులోకి ఒక గొట్టం, తొడుగులోంచి ఇంకో గొట్టం. ఆ రెండో గొట్టం కొస నీళ్లున్న సీసాలో మునిగి ఉంది. "నేను ఇంతకు ముందు నెలలు నిండని పిల్లల వార్డులో చేశాను. వాళ్లకి ఇదే. వదిలే ఊపిరి నీళ్లలోంచి బయటికి రావాలి. గొట్టం ఎంత లోతు మునిగితే అంత ఒత్తిడి లోపల నిలుస్తుంది. మీ ఆయనకి పది సెంటీమీటర్లు కావాలి. ఎక్కువైతే ప్రమాదం, తక్కువైతే దండగ."

నేను ఆ బొమ్మని చూస్తూ ఉండిపోయాను. నీటి లోతే ఒత్తిడి అని కాలేజీలో మొదటి ఏడు చదివాను. పరీక్షలో రాశాను, మార్కులు వచ్చాయి. పాతికేళ్లు అది నాలో పనీపాటా లేకుండా పడి ఉంది.

ఖమైస్ నా భుజం మీంచి తొంగి చూశాడు. వాడు ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేస్తాడు.

"ఇంతేనా డాక్టరమ్మా?"

"ఇంతే. కాని ఎక్కడా గాలి కారకూడదు."

"కారేచోటు పట్టుకోవడమే నా కూడు," అన్నాడు వాడు.

*

ముఖానికి తొడుగులు హమ్మామెత్‌లో దొరికాయి. ఏడాదిగా యాత్రికులు రాక మూతపడ్డ సముద్రపు ఒడ్డు దుకాణంలో, నీళ్లలో ఈదుతూ చేపల్ని చూడ్డానికి పెట్టుకునే ముఖాల తొడుగులు, ముఖమంతా కప్పే అద్దం ఉన్నవి, దుమ్ము పట్టి వేలాడుతున్నాయట. ఖమైస్ ఒక మూట తెచ్చి మా పెరట్లో కుమ్మరించాడు. పసుపూ నీలమూ గులాబీ రంగులు. బట్టీ పక్కన, ఆరిపోయిన పొయ్యి పక్కన, మధ్యలో ఆపేసిన పూల దుప్పటి పక్కన అవి పిల్లల ఆటబొమ్మల్లా పడి ఉన్నాయి.

"నా కొడుకుని చేపల మధ్యకి పంపుతావట్రా?" అంది మా అత్తగారు.

"చేపలకి మొప్పలున్నాయమ్మా. అన్నయ్యకి మనం పెడుతున్నాం."

తొడుగుకీ గొట్టానికీ అతుకు దగ్గర తంటా వచ్చింది. టేపు చుడితే చెమ్మకి ఊడిపోయింది. ఖమైస్ గిన్నెలో సబ్బు నురగ చేసి కుంచెతో అతుకు చుట్టూ పూశాడు. గ్యాస్ కారే ఫ్రిజ్‌ని వాడు అలాగే పరీక్షిస్తాడు. గొట్టంలోకి గాలి కొట్టగానే నురగలో ఒక బుడగ లేచింది. తరువాత మూడు. వాడు తిట్టుకున్నాడు.

మా అత్తగారు లోపలికి వెళ్లి పిండి ముద్దా, పాత చీటీగుడ్డ పేలికా తెచ్చింది. బట్టీకీ మూతకీ మధ్య ఆవిరి కారకుండా ఏటా చుట్టేది అదే. ఖమైస్ నవ్వాడు.

"అమ్మా, ఇది ఆసుపత్రి సామాను. రొట్టె కాదు."

"రెండు పూటలు ఆవిరి ఆపుతుంది ఇది. నీ టేపు రెండు నిమిషాలు ఆపిందా?"

ఆవిడ చుట్టింది. బొటనవేలితో చుట్టూ నొక్కింది. వాడు మళ్లీ నురగ పూసి గాలి కొట్టాడు. నురగ నురగలాగే ఉంది. ఒక్క బుడగ లేదు. వాడు తల్లి వైపు చూసి నురగ గిన్నె పక్కన పెట్టాడు. అయితే పిండి ఎండితే పగులుతుందని నాకు తెలుసు. "ఇంత మెత్తగా అణిగేదే కావాలి, ఎండనిది కావాలి," అన్నాను. వాడు సైకిల్ ట్యూబు పేలికలు కోసి, ఆవిడ చుట్టిన పద్ధతిలోనే, సగం మీద సగం ఎక్కేట్టు చుట్టాడు. అది నిలిచింది.

ఇక నీళ్ల సీసా. ప్లాస్టిక్‌వి తేలిక, గొట్టం లాగితే బోర్లాపడుతున్నాయి. మా అత్తగారు అలమర తెరిచింది. ఈ ఏటి పూలనీళ్ల కోసం కడిగి, ఎండబెట్టి, వరసగా పెట్టుకున్న తొమ్మిది ఫష్కాలు అందులో ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్కటే దించింది. కూరగాయల కత్తితో పైసగం గడ్డి అల్లిక కోసేసింది. ఆ అల్లికలు ఆవిడ అత్తగారి చేతివి.

"అడుగు అల్లిక ఉంచుతున్నా. కుదురుగా కూచుంటాయి," అంది.

నేను పాపిడి గీసినంత జాగ్రత్తగా స్కేలు పెట్టి కొలిచాను. గొట్టం కొస నుంచి పైకి పది సెంటీమీటర్లు. తొమ్మిదిన్నర కాదు, పదిన్నర కాదు. అక్కడ నా ఎర్ర గోళ్లరంగుతో గాజు మీద గీత గీశాను. ఖమైస్ గొట్టాన్ని ఫష్కా మెడ దగ్గర ఒక బిగింపుతో నిలబెట్టాడు. నీళ్లు గీత దాకా పోశాం. అల్లికకి కాస్త పైన ఆగాయి, మెడంతా ఖాళీ.

మా అత్తగారు దాని వంక అదోలా చూసింది. "వెలితిగా ఉంది," అంది.

"అలాగే ఉండాలి అత్తయ్యా."

*

తొడుగు లుత్ఫీ ముఖానికి అతకలేదు. మీసం అడ్డం. పాతికేళ్ల మీసం, పోస్టాఫీసులో ఆయన్ని మీసాలాయన అనే పిలుస్తారు. డాక్టర్ ఎమ్నా బ్లేడు నా చేతిలో పెట్టి పక్కకి తిరిగింది.

"చెయ్యనా?" అన్నాను.

ఆయనకి మాట్లాడే ఊపిరి లేదు. పోస్టాఫీసు రసీదుల కట్ట ఎప్పుడూ జేబులో ఉంటుంది, దాని వెనక రాశాడు: "తరువాత అతికిస్తారా?"

గీశాను. ఆ చోట చర్మం తెల్లగా, లేతగా ఉంది, నేను ఎన్నడూ చూడనిది. ఇన్నేళ్లు ఒకే మంచం మీద ఉన్న మనిషి ముఖంలో నాకు తెలియని చోటు ఉందన్నమాట.

తొడుగు పెట్టాం. పట్టీలు బిగించాం. ఎమ్నా గోడ దగ్గర ఆక్సిజన్ తిప్పింది. కాసేపు ఏమీ లేదు. ఎర్ర గీత దగ్గర నీళ్లు కదలకుండా ఉన్నాయి. ఖమైస్ గొట్టం వెంట చెయ్యి పోనిస్తూ వెళ్లి, గడ్డం దగ్గర తొడుగుని వేలితో నొక్కాడు.

ఫష్కాలో ఒక బుడగ లేచింది. తరువాత ఇంకొకటి. తరువాత ఆగకుండా, గుబగుబమని, బట్టీలో నీళ్లు మరగడం మొదలెట్టినప్పటి చప్పుడు. లుత్ఫీ ఊపిరి వదిలితే బుడగలు ఉరికేవి, తీసుకుంటే మెల్లబడేవి. ఆయన ఊపిరి అంతకు ముందు నేను ఎన్నడూ చూడలేదు. ఇప్పుడది గాజులో కనిపిస్తోంది.

వేలికి పెట్టిన క్లిప్పు మీద అంకె ఎనభై రెండు ఉండేది. ఎనభై ఐదైంది. ఎనభై ఎనిమిది. గంట గడిచేసరికి తొంభై ఒకటి. ఎమ్నా మంచం చివర నిలబడి ఆ అంకె వంక చూస్తూ ఉంది. పది సెంటీమీటర్ల నీళ్లు ఒక మనిషి లోపలి లక్షల తలుపులకి వేలు అడ్డం పెట్టి, మూసుకోనివ్వకుండా ఆపుతున్నాయి. వంటింట్లో రోజూ పారబోసే నీళ్లు. నేను అలాంటి చోట నవ్వే మనిషిని కాను, ఏడ్చే మనిషిని కూడా కాను. ఫష్కా పక్కన నేలమీద కూర్చున్నాను.

రెండు రోజుల్లో తొమ్మిది ఫష్కాలూ తొమ్మిది మంచాల పక్కన చేరాయి. రంజాన్ మొదలైంది. పొద్దున్నే క్రీడాశాల తలుపు తెరవగానే తొమ్మిది కూజాల చప్పుడు వినిపించేది. తొమ్మిది బట్టీలు ఒక్కసారి పొయ్యి మీద ఉన్న ఇంట్లోకి అడుగు పెట్టినట్టు ఉండేది.

*

రంజాన్ అయిదో రోజు. సాయంత్రపు అస్ర్ నమాజు వేళ దాటాక, అత్తగారిని ఇంటికి పంపడానికి వెళ్లాను. తలుపు దగ్గరే ఏదో తేడా తెలిసింది. చప్పుడు మారింది. గుబగుబ లేదు. బరువుగా, ఆగి ఆగి, సీసాలో ఇరుక్కున్న మాటలా వస్తోంది.

లుత్ఫీ రెండు చేతులతో తొడుగు పట్టుకుని ఊడలాగుతున్నాడు. మెడ నరాలు లేచి ఉన్నాయి. లోపలికి పోయిన ఊపిరి బయటికి తొయ్యలేక కళ్లు పెద్దవి చేసి నా వంక చూశాడు. అంకె ఎనభై మూడు. మా అత్తగారు ఆయన చెయ్యి పట్టుకుని, "పెట్టుకో నాన్నా, తియ్యకు నాన్నా," అంటోంది. ఆవిడ కాళ్ల దగ్గర ఇంటి నుంచి తెచ్చుకున్న తెల్ల ఎనామెల్ జగ్గు ఉంది. ఖాళీది.

నేను ఫష్కా చూశాను. ఎర్ర గీత ఎక్కడో నీళ్ల అడుగున ఉంది. నీళ్లు మెడలో ఉన్నాయి. బిరడా పెడితే మధ్య గోరు పట్టదు.

నీళ్లు తోడడానికి వ్యవధి లేదు. బిగింపు వదులు చేసి గొట్టాన్ని పైకి లాగాను. నా జానలో సగం సరిగ్గా పది సెంటీమీటర్లు. పూల దుప్పట్లు కొలిచి కుట్టే చెయ్యి అది, తప్పదు. నీటి మట్టం నుంచి సగం జాన కింద గొట్టం కొస పెట్టి బిగించాను. బుడగలు భళ్లున లేచి నీళ్లు నా ముఖం మీద చిందాయి. లుత్ఫీ ఛాతీ దిగింది. మళ్లీ లేచింది. చేతులు తొడుగుని వదిలేశాయి.

"ఏమైందే?" అంది మా అత్తగారు.

"గొట్టం జారింది అత్తయ్యా."

ఎమ్నా పరుగెత్తుకు వచ్చింది. ఛాతీకి స్టెతస్కోపు పెట్టి రెండు వైపులా విన్నాక గాని ఆవిడ ముఖంలోకి రంగు రాలేదు. అప్పుడు నేను లేచి చుట్టూ చూశాను. కుమ్మరి సీ తీజానీ మంచం పక్కన ఫష్కాలో గీత రెండు వేళ్ల లోతున మునిగి ఉంది. కిటికీ దగ్గరి మంచం కూజాలో మూడు వేళ్లు. ఇంకో చోట, సరిగ్గా నేను చూస్తుండగానే, ఒకావిడ భర్త కాళ్లు ఒత్తుతూ, చూడకుండానే, చెంబెత్తి కూజాలో కాసిని నీళ్లు పోసింది.

నేను ఒక్కొక్క మంచం దగ్గరికీ వెళ్లి గొట్టం ఎత్తి, సగం జాన కొలిచి, బిగించాను.

"నువ్వు పోశావా అమ్మా?" అని సీ తీజానీ భార్యని మెల్లిగా అడిగాను.

ఆవిడ తెల్లబోయింది. "పోశానేమో తల్లీ. వెలితిగా ఉంటే చూడలేకపోయాను."

మా అత్తగారు లుత్ఫీ మంచం దగ్గర నుంచి మా వైపే చూస్తోంది. అంత దూరానికి మాట వినిపించిందో లేదో నాకు తెలియదు.

ఎమ్నా నన్ను తలుపు దగ్గరికి తీసుకెళ్లింది. "ఎవరు పోస్తున్నారక్కా? గీత ఉంది కదా. పెద్ద అక్షరాలతో బోర్డు రాస్తాను. తాకిన వాళ్లని బయటికి పంపుతాను."

"బోర్డు చదివేవి కళ్లు," అన్నాను. "పోసేవి చేతులు. మా ఊళ్లో ఆడవాళ్ల చేతులు ఫష్కా కనిపిస్తే నింపుతాయి. వందేళ్లుగా నింపుతున్నాయి. రేపు నా చెయ్యి కూడా నింపవచ్చు."

"మరేం చేద్దాం? వీళ్లందర్నీ పంపేస్తే చూసుకోవడానికి నాకు ముగ్గురు నర్సులే ఉన్నారు."

నేను ఇంటికి నడిచాను. పెరట్లో బట్టీ అలాగే ఉంది. దాని పక్కనే పూల దుప్పటి, ఎండి గోధుమరంగు తిరిగిన పూలు. ఖమైస్ ఉపవాసం విడవడానికి ఎదురుచూస్తూ అరుగు మీద కూర్చున్నాడు. నేను బట్టీ పైపళ్లెం వంక చూస్తూ నిలబడ్డాను. ఇరవై రెండేళ్లుగా నేను నీళ్లు పోసిన పళ్లెం. ఎంత పోసినా అది అంచు పొర్లదు. దాని పక్కన చిన్న తూము ఉంది. ఎక్కువైంది అందులోంచి పోతుంది.

"ఖమైస్," అన్నాను, "గాజుకి కన్నం పెట్టగలవా?"

*

గోడ పలకలకి కన్నాలు పెట్టే వజ్రపు బరమా వాడి దగ్గర ఉంది. నీళ్లు చుక్కలు చుక్కలుగా పోస్తూ, బరమాని వాలుగా మొదలుపెట్టి మెల్లిగా నిలబెట్టి, ఎర్ర గీత మీద కన్నం పెట్టాలి. నీళ్లు పోసేది నేను, తిప్పేది వాడు. ఇంట్లో ఖాళీ ఫష్కా లేక పక్కింటి నుంచి రెండు తెచ్చాం. మొదటిది పగిలింది. "షోర్బా తాగని చేతులు ఇంతే," అన్నాడు వాడు. ఉపవాసం విడిచాక పెట్టిన రెండోది నిలిచింది. ఆ కన్నానికి ఫ్రిజ్‌ల్లో వాడే సన్నని రాగి గొట్టం ముక్క అమర్చి, కింద ఒక గిన్నె పెట్టాం. చూస్తే అచ్చం మా బట్టీ ముక్కే.

మర్నాడు పొద్దున్న దాన్ని లుత్ఫీ మంచం పక్కన పెట్టాం. తీసేసిన వాటికి ఒక్కొక్కదానికే కన్నం పెట్టి మార్చుకుంటూ పోదామని ఎమ్నా అంది. తోడున్న ఆడవాళ్లంతా చుట్టూ చేరారు.

మా అత్తగారు ఆ రోజు పొద్దున్నే వచ్చింది, తన వంతు కాకపోయినా. కన్నం చూసింది. రాగి ముక్కు చూసింది. కాళ్ల దగ్గరి ఎనామెల్ జగ్గు ఎత్తి, అందరి ముందూ, ఫష్కా మెడలోకి నీళ్లు వంపడం మొదలుపెట్టింది.

ఎమ్నా ముందుకి కదిలింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను.

ఎర్ర గీత దాకా వచ్చిన నీళ్లు అక్కడే నిలిచి, రాగి ముక్కులోంచి సన్నటి ధారగా గిన్నెలోకి జారాయి. బుడగల చప్పుడు మారలేదు. లుత్ఫీ ఛాతీ లేస్తూ దిగుతూ ఉంది. ఆవిడ ఇంకా పోసింది. ధార కొంచెం లావైంది. గీత కదల్లేదు. జగ్గు ఖాళీ అయ్యేదాకా పోసింది. గిన్నె నిండింది. కూజా వెలితిగానే ఉంది.

"ఎంత పోసినా నా మాట వినడం లేదు ఇది," అంది.

ఆడవాళ్లు నవ్వారు. సీ తీజానీ భార్య, "అచ్చం కోడలి పోలిక," అంది. మా అత్తగారు నవ్వలేదు. అందరూ ఎవరి మంచాల దగ్గరికి వాళ్లు వెళ్లాక నా పక్కన స్టూలు మీద కూర్చుని, జగ్గుని ఒళ్లో పెట్టుకుంది.

"నిన్న గొట్టం జారిందన్నావు. ఎంత జారిందే?"

"కొంచెమే అత్తయ్యా."

ఆవిడ జగ్గు అంచుని బొటనవేలితో తుడిచింది. "ఈ జగ్గంతా?"

లుత్ఫీ దుప్పటి సరిచేశాను. సరిగానే ఉన్న దుప్పటి. ఆవిడ కాసేపు బుడగల వంక చూసి, జగ్గుని తీసుకెళ్లి తలుపు దగ్గర చెప్పులు విడిచే చోట పెట్టి వచ్చింది. మళ్లీ ఎన్నడూ మంచం దాకా తేలేదు.

నాలుగు రోజుల్లో తొమ్మిది కూజాలకీ ముక్కులొచ్చాయి. ఆ తరువాత ఎవరి చేతిని ఎవరూ ఆపలేదు. ఆడవాళ్లు పోస్తూనే ఉన్నారు. నేను ఊళ్లోకి ఎన్నో వింతలు వచ్చాయని విన్నాను కాని, ఇంతటి వింత చూడలేదు: వందేళ్ల అలవాటు వచ్చి పడడం, ఒక బఠాణీ గింజంత కన్నం దాన్ని ఏమీ అనకుండా, ఎవరినీ తప్పుపట్టకుండా, పక్కకి వంపేయడం.

అందరూ బతకలేదు. సీ తీజానీ పదమూడో రోజున పోయాడు. ఆయన భార్య వెళ్తూ వెళ్తూ ఆ కూజాని కడిగి, బోర్లించి, పక్క మంచానికి అప్పజెప్పింది. మూడో వారంలో ఇంకో ఊరి నుంచి ఇద్దరు డాక్టర్లు వచ్చి ముక్కు కూజా చుట్టూ తిరిగి చూసి, కొలతలు రాసుకుని వెళ్లారు. ఒకాయన గడ్డి అల్లికని కూడా గీసుకున్నాడు, అది కూడా వైద్యంలో భాగమనుకుని. ఎమ్నా చెప్పబోయి ఊరుకుంది.

*

లుత్ఫీ క్రీడాశాలలో చేరిన పదహారో రోజున ఇంటికొచ్చాడు. బట్టలు ఒంటి మీద వేలాడుతున్నాయి. పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెడితే చెట్ల వంక చూశాడు. పూలు అయిపోయాయి. చిటారు కొమ్మల్లో, ఆలస్యంగా విచ్చుకున్నవి మాత్రం అక్కడక్కడ మిగిలాయి. ఖమైస్ నిచ్చెన ఎక్కి అవి దులిపాడు. ఒక దుప్పటిలో మూల కూడా నిండలేదు.

"ఇంతదానికి బట్టీ ఎందుకమ్మా?" అన్నాడు లుత్ఫీ. ఒక వాక్యం పూర్తిగా అనగలుగుతున్నాడు.

"పెట్టకపోతే ఏడాది గడిచినట్టు ఉండదు," అంది ఆవిడ.

మూతకి పిండి ముద్ద చుట్టింది. నేను మంట చూశాను. ఆవిడ కెమిస్ట్రీ అనలేదు, నేను మంట పెంచలేదు. మధ్యాహ్నానికి రాగి ముక్కులోంచి మొదటి బొట్టు దిగింది. ఇంట్లో మామూలు ఫష్కాలు ఒక్కటీ లేవు. లుత్ఫీ మంచం పక్కన ఉన్నదాన్ని, మనిషి లేచి వెళ్లాడు కనక మీరే ఉంచుకోండని ఎమ్నా తిరిగి పంపింది. ఎర్ర గీత, కన్నం, పొట్టి రాగి గొట్టం, అన్నీ ఉన్నాయి. మా అత్తగారు దాన్ని అరుగు మీద పెట్టి, గరాటు తెచ్చి, నాకు అందించింది.

నేను వెంటనే తీసుకోలేదు.

"పట్టుకో," అంది. "నా చేతికి నింపడం ఒక్కటే తెలుసు."

నేను వంపాను. నీళ్లు అల్లిక దాటి పైకి వచ్చాయి. మొదటి ధార కనక ఘాటుగా ఉంది. పెరడంతా ఆ వాసనే. గీత దగ్గర నిలిచి, కన్నంలోంచి చుక్కలు కారడం మొదలైంది. ఒక్క బొట్టు నేలమీద పడితే అరగంట తిట్టే మనిషి, కన్నానికి బిరడా పెట్టమని అనలేదు. కింద అరచెయ్యి పట్టింది. చెయ్యి నిండాక, అలాగే కొడుకు దగ్గరికి నడిచి వెళ్లి, మీసం లేని ఆ తెల్లటి చోట అద్దింది.

"తెలుస్తోందా?" అంది.

లుత్ఫీ కళ్లు మూసుకుని ఊపిరి లోపలికి తీసుకున్నాడు. మెల్లగా, చివరిదాకా. మేము ముగ్గురం ఆ ఛాతీ వంకే చూశాం.

"లేదమ్మా," అన్నాడు. "చల్లగా ఉంది."

"చాలు," అంది ఆవిడ.